బోటు మోటర్ ఆగిపోతే ముందే వైండింగ్ మీద పడకండి

బోటు మోటర్ పట్టుకొని షాపుకు వచ్చేవాళ్లు బండి దిగకముందే అడిగే మాట ఒకటే: "అన్నా, వైండింగ్ కాలిపోయిందా?" వైండింగ్ అంటే మోటర్ లోపల చుట్టిన రాగి తీగ. సికింద్రాబాద్ వైపు మాది మోటర్లు చుట్టే చిన్న షాపు. బోరు మోటర్లు, కూలర్ మోటర్లే మాకు రోజువారీ పని. కొన్నేళ్లుగా బ్యాటరీతో నడిచే బోటు మోటర్లు కూడా వస్తున్నాయి, చెరువుల్లో చేపలు పట్టేవాళ్లవి, ఆదివారం గాలం వేయడానికి వెళ్లేవాళ్లవి, పక్షుల ఫొటోలు తీసేవాళ్లవి. విప్పి చూస్తే వాటిలో వైండింగ్ నిజంగా కాలినవి తక్కువ. లోపలికి చేరిన నీళ్లు, వదులైన జాయింటు, వేడికి పోయిన కంట్రోలర్ (మోటర్‌కు వెళ్లే కరెంటును, స్పీడ్‌ను అదుపు చేసే పెట్టె), ఎక్కువగా ఈ మూడింట్లోనే ఏదో ఒకటి ఉంటుంది. మూడింటినీ మీరే ఇంటి దగ్గర కనిపెట్టొచ్చు, సగం రిపేర్లు మీరే చేసుకోవచ్చు కూడా. అందుకే ఇదంతా రాస్తున్నాను, అనవసరంగా వైండింగ్ విప్పించుకొని డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఫ్యాన్ అంటే ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి, బల్ల మీద మోటర్ ఉన్నట్టుండి తిరిగితే వేళ్లు పోతాయి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. 12 వోల్టులే కదా అనుకోవద్దు, బ్యాటరీ రెండు కొసల మధ్య ఉంగరం తగిలితే వందల ఆంపియర్లు పారతాయి, అది ఎర్రగా కాలి వేలికి అంటుకుంటుంది.

ఇక వెతకడం. ఎప్పుడైనా బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి మోటర్ వైపు వెళ్లాలి, మోటర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాకూడదు. బ్యాటరీ కొసల మీద మీటర్ పెట్టి ఊరికే చూస్తే 12.6 చూపిస్తుంది, బాగానే ఉంది అనుకుంటారు, అక్కడే పొరపాటు జరుగుతుంది. లోడ్ మీద చూడాలి. ఫ్యాన్ మళ్లీ బిగించి, బోటును గట్టుకు తాడుతో కట్టేసి, మోటర్‌ను నీళ్లలో ఫుల్ స్పీడ్‌లో తిప్పుతూ బ్యాటరీ దగ్గర ఎంత ఉందో, మోటర్ వైర్లు మొదలయ్యే చోట ఎంత ఉందో రెండూ రాసుకోండి. తేడా అర వోల్టు దాటితే లోపం బ్యాటరీ నుంచి మోటర్‌కు వెళ్లే వైర్ల దారిలోనే ఉంది, మోటర్‌లో కాదు. తర్వాత మీటర్ ఒక కొసను జాయింటుకు ఇటు, ఇంకో కొసను అటు పెట్టి ఒక్కో జాయింటూ చూడండి. మంచి జాయింటు మీద 0.1 వోల్టు కూడా పడకూడదు. 50 ఆంపియర్లు లాగే మోటర్‌కు జాయింటు మీద అర వోల్టు పడిపోతోందంటే ఆ ఒక్క చోటే 25 వాట్లు వేడిగా మారుతున్నాయి, సోల్డరింగ్ ఐరన్‌కు సరిపోయేంత వేడి అది. ప్లాస్టిక్ కనెక్టర్లు కరిగిపోవడానికి కారణం ఇదే.

వైరు మందం గురించి కూడా చెప్పాలి. ఇంట్లో ఏసీకి వేయగా మిగిలిన వైరు తెచ్చి బోటుకు వేసేవాళ్లు ఉంటారు. 12 వోల్టుల మోటర్ 50 ఆంపియర్లు లాగుతుంటే, బ్యాటరీ నుంచి మోటర్‌కు 3 మీటర్లు, అంటే రానూపోనూ 6 మీటర్లు వైరు ఉంటే, 6 స్క్వేర్ ఎంఎం వైరులో దాదాపు ఒక వోల్టు పోతుంది. అదే 16 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది అందులో మూడో వంతు మాత్రమే. బోటు మోటర్ల మీద థ్రస్ట్, అంటే నెట్టే బలం, పౌండ్లలో రాసి ఉంటుంది, 12 వోల్టుల వాటికి ఎన్ని పౌండ్లో సుమారుగా అన్ని ఆంపియర్లు అని గుర్తుపెట్టుకుంటే లెక్క సులువు. 55 పౌండ్ల మోటర్‌కు 60 ఆంపియర్ల బ్రేకర్, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి.

మన చెరువుల గురించి ఒక సంగతి వేరే ఊళ్ల వాళ్లు రాసిన గైడ్లలో కనిపించదు. హుస్సేన్ సాగర్ లాంటి చోట, మురుగు చేరి నీళ్లలో ఆక్సిజన్ లేక కుళ్లు వాసన వస్తుంది చూడండి, అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఉంటుంది. రాగికి అది పడదు. రాగి నల్లగా మారి, ఆ నలుపు కరెంటును సరిగ్గా పోనివ్వదు. ఒకసారి ఒకాయన బోటు తెచ్చాడు, వైరు పైన తొడుగు కొత్తదానిలా మెరిసిపోతోంది, లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు బిళ్ల) దగ్గర కోసి చూస్తే లోపల పోగులన్నీ బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఇంకో రెండు అంగుళాలు కోశాను, అక్కడా నలుపే. వైర్ల పోగుల సందుల్లో తేమ దీపం వత్తిలో నూనెలా పైకి పాకుతుంది, అందుకే లగ్గు దగ్గర మొదలైన తుప్పు అడుగు దూరం దాకా వెళ్తుంది. నల్లబడిన రాగికి సోల్డర్ కూడా అంటదు. గరుకు కాగితంతో రుద్ది సర్దుకోవద్దు, తళతళలాడే రాగి కనిపించేదాకా కోసేయండి, అప్పటికి వైరు పొట్టిదైపోతే మొత్తం మార్చేయండి. వీలైతే తగరం పూత ఉన్న రాగి వైరు కొనండి. లగ్గును ప్లయర్‌తో నొక్కితే చాలదు, హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో లగ్గులు అమ్మే షాపుల వాళ్లే చాలామంది నొక్కి ఇస్తారు. దాని మీద లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేసి వేడి చేస్తే జిగురు కరిగి కొసల నుంచి కొద్దిగా బయటికి పొంగాలి, అలా పొంగితేనే నీళ్లు పోకుండా మూసుకున్నట్టు. ఇన్సులేషన్ టేపు మాత్రం చుట్టొద్దు, ఎండకు జిగురు కారిపోయి లోపల తేమను పట్టి ఉంచుతుంది.

దారి అంతా బాగుంటే అప్పుడు మోటర్. రెండు వైర్లే ఉన్న పాత రకం మోటర్, అంటే కార్బన్లు (తిరిగే భాగానికి ఆనుకొని కరెంటు అందించే ముక్కలు) ఉండేది, దాన్ని మీటర్ లేకుండా కూడా పరీక్షించొచ్చు. వైర్లను బ్యాటరీ నుంచీ, స్పీడ్ స్విచ్ నుంచీ విప్పేసి, రెండు కొసలు తగలకుండా ఉంచి షాఫ్టును చేత్తో తిప్పండి. తర్వాత రెండు కొసలను ఒకదానికొకటి ఆనించి మళ్లీ తిప్పండి. ఆనించినప్పుడు షాఫ్టు బిగుసుకున్నట్టు, తేనెలో తిప్పుతున్నట్టు ఉంటే కార్బన్లూ, ఆర్మేచర్ అనే తిరిగే భాగమూ కలిసే ఉన్నాయని అర్థం. రెండు సార్లూ ఒకేలా వదులుగా తిరిగితే కార్బన్లు అరిగి కమ్యుటేటర్‌ను, అంటే షాఫ్టు మీది రాగి పలకల చుట్టును, తాకడం లేదు, లేదా లోపల వైరు ఊడింది. రెండు సార్లూ బిగుసుగానే ఉంటే లోపల షార్టో, బేరింగ్ పట్టేయడమో. ఐదు స్పీడుల మోటర్‌లో ఐదో స్పీడ్ మాత్రమే పనిచేస్తోంది, మిగతావి రావడం లేదు అంటే మోటర్ బాగానే ఉంది, తక్కువ స్పీడుల కోసం పెట్టిన రెసిస్టెన్స్ కాయిల్ తెగింది. మొత్తం కొత్త మోటర్ కొనక్కర్లేదు.

విప్పేటప్పుడు మార్కర్‌తో రెండు మూతల నుంచి మధ్య గొట్టం మీదికి ఒక గీత గీయండి. ఇది మర్చిపోతే చాలా ఇబ్బంది పడతారు, ఎందుకంటే గొట్టం లోపల అయస్కాంతాలు ఉంటాయి, అది తిరగబడి బిగిస్తే మోటర్ వెనక్కి తిరుగుతుంది, లేదా బలం లేకుండా వేడెక్కుతుంది. గొట్టాన్ని సుత్తితో కొట్టొద్దు, ఫెర్రైట్ అయస్కాంతాలు పింగాణీలా పగులుతాయి. లోపల నల్లటి బురద ఉంటే అది కార్బన్ పొడి, నీళ్లు కలిసినది. కరెంటు దాని మీదుగా బాడీకి పారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగేయండి, పెట్రోల్ వద్దు, అది వార్నిష్‌ను మెత్తబరుస్తుంది, మంటల భయం వేరే. కమ్యుటేటర్ మీద సన్నని గరుకు కాగితం తిప్పి, పలకల మధ్య గాడుల్లో ఇరుక్కున్న పొడిని హ్యాక్సా బ్లేడ్ ముక్కతో తీసేయండి. కార్బన్ స్ప్రింగ్ చేతికి వదులుగా తగిలితే దాన్ని కూడా మార్చాలి. కొత్త కార్బన్ ఊరికే సైజు సరిపోయిందని కొనకండి. బోటు మోటర్‌లో ఉండేది రాగి కలిసిన కార్బన్, తక్కువ వోల్టేజీ ఎక్కువ కరెంటుకు అదే పనికొస్తుంది, మిక్సీ కార్బన్ వేస్తే నిప్పురవ్వలు వచ్చి కమ్యుటేటర్ తినేస్తుంది.

నీళ్లు ఎలా పోయాయో తెలియకుండా ఆరబెట్టి మూసేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఎక్కువసార్లు దోషి ఫ్యాన్ వెనక ఉండే ఆయిల్ సీలే, దాన్ని చంపేది దారం. గాలం దారం, వల పోగులు, మన ఊళ్లో సంక్రాంతి తర్వాత చెరువుల్లో పడిన నైలాన్ మాంజా. అది ఫ్యాన్ వెనక షాఫ్టుకు చుట్టుకొని, బిగుసుకుంటూ సీలు పెదవిలోకి దూరి కోసేస్తుంది. బయటికి ఏమీ కనపడదు. వినాయక నిమజ్జనం అయ్యాక వచ్చే నెలలో గుడ్డ పేలికలు, తాళ్లు, ఇనుప చువ్వలు కూడా. కాబట్టి ప్రతి రెండు మూడు ట్రిప్పులకు ఫ్యాన్ విప్పి వెనక చూడండి, ఐదు నిమిషాల పని, ఇంత చిన్న పనితో ఇంత పెద్ద ఖర్చు తప్పించేది బోటులో ఇంకోటి లేదు.

సీలు మీద మూడు అంకెలు ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. పాత సీలు పట్టుకెళ్తే రాణీగంజ్‌లో పది నిమిషాల్లో దొరుకుతుంది. బిగించేటప్పుడే అసలు పొరపాటు జరుగుతుంది. గేర్‌బాక్స్‌లో నూనె లోపల ఉంటుంది, స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి పెడతారు, చేతికి అదే అలవాటు. బోటు మోటర్‌లో ఆపాల్సిన నీళ్లు బయట ఉన్నాయి, కాబట్టి స్ప్రింగ్ వైపు నీళ్ల వైపుకే ఉండాలి. రెండు సీళ్లు వెనకా ముందూ ఉంటే తీసేముందు ఫొటో తీసుకొని అలాగే పెట్టండి. షాఫ్టు మీద గోరు పెట్టి లాగి చూడండి, గాడి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది, సీలును ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి, లేదా లేత్ షాపులో సన్నని స్లీవ్ వేయించండి. బేరింగ్ మార్చేటప్పుడు నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉన్నదే అడగండి, దానికి రెండు వైపులా రబ్బరు మూత ఉంటుంది. జెడ్‌జెడ్ అని ఉన్న ఇనుప రేకు మూతది నీళ్లను ఆపదు.

సీలు బాగున్నా నీళ్లు పోయే దారి ఇంకోటి ఉంది, అది మన ఎండల వల్ల వచ్చేది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గట్టు మీద నల్ల మోటర్ గంటసేపు ఉంటే చెయ్యి పెట్టలేం. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. దాన్ని అమాంతం నీళ్లలో దింపితే గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ పీల్పుకు సీలు అంచు నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. ఒక్కసారికి చుక్కే, సీజన్ అంతా ఇలాగే జరిగితే చెంచాడు. తడి గోనె సంచి కప్పి ఉంచండి, నీడలో చల్లబడ్డాకే దింపండి.

తడిసిన వైండింగ్‌ను ఆరబెట్టడానికి వైండింగ్ షాపు ఓవెన్ అక్కర్లేదు. అట్టపెట్టెలో 60 వాట్ల పాత రకం బల్బు పెట్టి, అట్టకు తగలకుండా చూసి, పెట్టెకు రెండు మూడు రంధ్రాలు చేసి, దగ్గరే ఉండి ఒక పూట ఉంచితే చాలు. లోపల 60 డిగ్రీలు దాటనివ్వకండి. మీది బీఎల్‌డీసీ, అంటే కార్బన్లు లేకుండా కంట్రోలర్‌తో నడిచే మోటర్ అయితే అందులో నియోడిమియం అయస్కాంతాలు ఉండొచ్చు, మామూలు గ్రేడువి 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటాయి, మళ్లీ రాదు. ఆరాక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్) వైండింగ్‌కూ బాడీకీ మధ్య చూడాలి, కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. మెగ్గర్ పెట్టే ముందు కంట్రోలర్ వైర్లు, హాల్ సెన్సర్ (షాఫ్టు ఎక్కడ తిరుగుతోందో కంట్రోలర్‌కు చెప్పేది) వైర్లు అన్నీ విప్పండి. లేదంటే ఆ 500 వోల్టులకు కంట్రోలర్ అక్కడికక్కడే పోతుంది. బిగించాక మోటర్‌ను రాత్రంతా నీళ్ల డ్రమ్ములో ముంచి, తెల్లారి మళ్లీ మెగ్గర్ పెట్టండి. రాత్రి చూపిన దానికీ పొద్దున చూపిన దానికీ పెద్ద తేడా ఉంటే ఇంకా ఎక్కడో కారుతోంది.

కంట్రోలర్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో ఎలక్ట్రిక్ స్కూటర్ కంట్రోలర్ కొని బోటుకు పెడతారు. స్కూటర్ కంట్రోలర్‌కు రోడ్డు మీద ఎంతో విశ్రాంతి. సిగ్నల్ దగ్గర ఆగుతుంది, బంజారాహిల్స్ దిగువకు త్రాటిల్ లేకుండానే జారుతుంది, ఎదురుగాలి చల్లబరుస్తుంది. బోటుకు దిగువ లేదు. ఫ్యాన్ నీళ్లను కోస్తున్నంతసేపూ గంటల తరబడి ఒకే లోడ్, పైగా కంట్రోలర్ సీటు కింద పెట్టెలో మూసి ఉంటుంది. పైన 40 ఆంపియర్లు అని రాసి ఉంటే అది చాలాసార్లు కొద్ది సెకన్ల మాట. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, మోటర్ లాగే దానికి రెండింతల కంట్రోలర్ పెట్టండి అని. పెట్టలేకపోతే కరెంటు తగ్గించండి. ఫ్యాన్‌కు కావలసిన పవర్ దాని స్పీడ్ ఘనంతో పెరుగుతుంది, అంటే స్పీడ్ పదో వంతు తగ్గిస్తే పవర్ నాలుగో వంతుకు పైగానే తగ్గుతుంది. గట్టు చేరడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కంట్రోలర్ బతుకుతుంది. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగమవుతుందన్న లెక్క ఒకటి ఉంది. హీట్ సింక్, అంటే కంట్రోలర్ వేడిని బయటికి పంపే లోహపు దిమ్మ, పెట్టె బయటికి కనపడేలా, నీడలో బిగించండి. వైర్లు పెట్టె అడుగు నుంచి లోపలికి పోవాలి, పోయేముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు వంపులోనే రాలిపోతుంది.

బీఎల్‌డీసీలో తప్పు మోటర్‌దో కంట్రోలర్‌దో తేల్చడం ఇలా. మోటర్ నుంచి వచ్చే మూడు మందపు వైర్లూ, అంటే ఫేజ్ వైర్లు, కంట్రోలర్‌కు ఉండగానే, బ్యాటరీ తీసేసి షాఫ్టు తిప్పండి. బిగుసుగా, కుదుపుగా ఉంటే ఫేజ్ వైర్లు విప్పి మళ్లీ తిప్పండి. వదులైందా, కంట్రోలర్‌లో మాస్‌ఫెట్, అంటే కరెంటును ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్, షార్ట్ అయింది. విప్పినా బిగుసుగానే ఉందా, మోటర్‌లోనే సమస్య. మీటర్‌తో రూఢి చేసుకోవాలంటే ముందు కంట్రోలర్ బ్యాటరీ వైర్ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టి కెపాసిటర్లు ఖాళీ చేయండి, మీటర్‌ను డయోడ్ గుర్తు మీద ఉంచి, నల్ల కొస బ్యాటరీ ప్లస్ వైరు మీద, ఎర్ర కొస ఒక్కో ఫేజ్ మీద పెట్టండి. మూడింటికీ దాదాపు ఒకే అంకె, 0.4, 0.5 లాంటిది రావాలి. ఎర్ర కొస మైనస్ మీద, నల్ల కొస ఫేజ్‌ల మీద పెట్టినా అంతే. ఎక్కడైనా సున్నా వస్తే ఆ మాస్‌ఫెట్ పోయింది.

మాస్‌ఫెట్ ఒక్కటే పోయినా ఆ ఫేజ్‌లో పైదీ కిందదీ రెండూ మార్చండి, మాస్‌ఫెట్ గేట్ కాలు దగ్గరి చిన్న రెసిస్టర్లు కూడా చూడండి, చాలాసార్లు అవీ కాలి ఉంటాయి. 48 వోల్టుల లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే 54.6 దాకా, కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది, దాని మీద వోల్టేజీ పోట్లు వస్తాయి, కాబట్టి 100 వోల్టుల రేటింగ్ ఉన్నవే వేయండి. హీట్ సింక్‌కు బిగించాక మాస్‌ఫెట్ వెనక రేకుకూ హీట్ సింక్‌కూ మధ్య మీటర్ పెట్టండి, కలిసినట్టు చూపిస్తే మధ్యలో ఉండాల్సిన మైకానో సిలికాన్ షీటో చిరిగింది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ఇవ్వొద్దు. 48 వోల్టులకైతే ఇంట్లో వాడే 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును ప్లస్ వైరులో సిరీస్‌లో పెట్టండి. బల్బు ఒకసారి మిణుకుమని ఆరిపోతే సరే, మసక ఎరుపుగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి, మాస్‌ఫెట్లు మాత్రం మిగులుతాయి. ఈ జాగ్రత్త తీసుకోక మొదట్లో నేనే ఒకాయన కంట్రోలర్‌లో కొత్తగా వేసిన ఆరు మాస్‌ఫెట్లూ ఒక్క క్షణంలో పోగొట్టాను, ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను, అప్పటి నుంచి బల్బు లేకుండా ఏ కంట్రోలర్‌కూ కరెంటు ఇవ్వలేదు.

మోటర్ గింజుకుంటూ వణికి ఆగుతుంటే హాల్ సెన్సర్లు. 5 వోల్టుల ఎర్ర వైరు, నల్ల వైరు, మూడు సిగ్నల్ వైర్లు. కనెక్టర్ పెట్టి ఉంచే షాఫ్టు మెల్లగా తిప్పుతూ ఒక్కో సిగ్నల్ చూస్తే 0కూ 5కూ మధ్య మారుతుండాలి. మారకపోతే సెన్సర్ పోయిందని మోటర్ విప్పే ముందు కనెక్టర్ పిన్నులు చూడండి, పచ్చగానో నల్లగానో ఉంటే అదే కారణం కావచ్చు. నన్నడిగితే బోటుకు సెన్సర్లు లేకుండా నడిచే కంట్రోలరే మేలు. ఎత్తు రోడ్డు మీద స్కూటర్ కదలడానికి మొదట్లోనే బలం కావాలి, ఫ్యాన్‌కు నీళ్లలో మొదలవడానికి అంత బలం అక్కర్లేదు, కాబట్టి సెన్సర్లు లేకపోయినా నున్నగా ఎత్తుకుంటుంది, నీళ్లలో కుళ్లిపోయే ఐదు సన్న వైర్ల బాధ ఉండదు.

అన్నీ బిగించాక చెరువు మధ్యకు పోవద్దు. బోటును గట్టుకు కట్టి అరగంట ఫుల్ స్పీడ్‌లో తిప్పండి, డీసీ కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి పదో నిమిషంలోనూ ముప్పయ్యో నిమిషంలోనూ ఆంపియర్లు రాసుకోండి, ఒక్కో జాయింటునూ వేలితో తాకి చూడండి. ఆ అంకెను పెర్మనెంట్ మార్కర్‌తో కంట్రోలర్ మూత మీద రాసేయండి. మా దగ్గర చేయించుకున్న చేపలాయన ఒకరికి అలా 48 అని రాసి, చిన్న క్లాంప్ మీటర్ ఒకటి కొనిపించాను. నాలుగు నెలలకు ఫోన్ చేశాడు, "అన్నా, మోటర్ మంచిగనే తిరుగుతుంది గానీ 48 ఉండాల్సింది 57 చూపిస్తుంది" అని. ఎక్కువ లాగుతోందంటే దేన్నో కష్టపడి తిప్పుతోంది, ఫ్యాన్ విప్పి వెనక చూడమన్నాను. గుర్రపుడెక్క వేళ్లు, వాటి కింద నైలాన్ దారం మూడు చుట్లు, సీలు దాకా ఇంకా పోలేదు. అదే 48 ఉండాల్సింది 38కి పడిపోయి ఉంటే బ్యాటరీ, జాయింట్లు, విరిగిన ఫ్యాన్ రెక్క, ఈ వరసలో వెతకమనేవాణ్ని.